మధురవాణి ఎరిగిన ప్రేమ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట పచ్చడి తిని, పంచాంగం విని వచ్చిన మీకు ఒక వేశ్య కథ చెప్పబోతున్నందుకు పెద్దలెవరైనా నొసలు చిట్లిస్తే మేము ఆశ్చర్యపడము. “కన్యాశుల్కం”లోని మధురవాణి అనగానే మనవారిలో చాలమందికి 1955 నాటి చలనచిత్రంలో సావిత్రి ముఖం జ్ఞాపకం వస్తుంది. మంచిదే. కాని ప్రేమను గూర్చి ఆ పాత్రకు తనదైన తెలివిడి ఒకటి ఉన్నది. ఈ నాలుగు మాటలూ దానిని గూర్చే.

ఆ నాటకం మనకు పరాయిది కాదు. 1892లో విజయనగరంలో మొదట ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడవారు దానిని పెంచి తిరిగి వ్రాశారు. అప్పటికి మన కోరాపుట్, రాయగడ ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గదా మధ్యకు గీత వచ్చింది! ఆ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజావారు తయారు చేయిస్తే, మూడేళ్లకు 1034 తేలాయని గురజాడవారు పీఠికలో చెప్పారు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్డుల వెల 350 మొదలు 400 రూపాయలు.

కన్నవారే బిడ్డకు వెల కట్టే ఆ లోకంలో, వెలయాలి అనిపించుకొన్న స్త్రీ చేతనే గురజాడవారు ప్రేమకు మర్యాద నిలిపించారు.

గిరీశానికి ప్రేమను గూర్చి ఉపన్యాసాలకు లోటు లేదు. పూటకూళ్లమ్మ పెట్టిన అన్నం తింటూ మధురవాణి ఇంటికి పోయేవాడు. పట్నంలో నిలవ నీడ లేకపోయేసరికి శిష్యుడు వెంకటేశం వెంట అగ్రహారం చేరి, అతని అక్క బుచ్చమ్మను చూసీ చూడగానే వితంతు వివాహ వీరుడైనాడు. మధురవాణికి అతని లోతు మొదటే తెలుసు. వేళాకోళమాడుతుంది, మోసపోదు. ఇంత మాట్లాడే మనిషి తన జేబులోనుంచి ఏం తీశాడని చూస్తుంది.

సుబ్బి ఆమెకు చుట్టము కాదు. అయినా ఆ మేనకోడలిని ముసలి లుబ్ధావధాన్లుకు దక్కకుండా చేయాలని కరటకశాస్త్రి శిష్యునికి ఆడవేషం వేసి తెస్తే, మధురవాణి తన కంటె అరువిచ్చి మరీ ఆ దొంగపెండ్లి నడిపించింది. పట్టుబడితే రామప్పంతులు పంచన తన ఆశ్రయమే పోయేది.

ఇక చివరి అంకం. లుబ్ధావధాన్లు హత్యానేరంలో చిక్కుకొన్నాడు. అతనిని విడిపించే రహస్యం ఆమె దగ్గర ఉన్నది. వేశ్యలతో పొత్తు పెట్టుకోనని నియమం పట్టిన వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మగవేషంతో వచ్చి, రహస్యానికి ఫీజుగా ఒక ముద్దు అడిగింది. ఆయన ఎంతో పెనగులాడి, ఒక మనిషిని కాపాడడం కోసమని ఒప్పుకొన్నాడు. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆమే ఆపింది. చెడనివారిని చెడగొట్టవద్దన్న తల్లి మాట అడ్డువచ్చిందట!

పంతులును పరీక్షించడానికే అడిగిందని కొందరు అనవచ్చును. మాకు అట్లా తోచదు. ఆమెకు ఆశ ఉన్నది. అడిగినది చేతికందింది కూడా. పైగా న్యాయంగా సంపాదించుకొన్నది. ఐనా ఆయన తన మనసు విరుచుకొని ఇచ్చేది ఆమెకు వద్దు. జీవితమంతా ముద్దుకు ధర పలికిన స్త్రీకే, ధర చెల్లించి తెచ్చుకొన్నది ప్రేమ కాదని తెలిసింది. పంతులు దొడ్డమనిషే, సందేహం లేదు. ఆ పూట ఆయనకంటె ఆమె ఒక మెట్టు పైన నిలిచిందని మా అభిప్రాయం.

శుల్కం తిరగబడి కట్నమై ఎన్నాళ్లో అయింది. 1961లో నిషేధ చట్టమూ వచ్చింది. ఐనా పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో సంబంధం రాగానే మన ఇళ్లలో మొదటి మాట జీతం, రెండవ మాట ఇచ్చిపుచ్చుకోవడాలు. పిల్లను అడగడం ముహూర్తం పెట్టుకొన్న తరువాత. ఊరు కాని ఊళ్లో ఉన్నాము, ఇది తప్పితే మనవాళ్లలో మరొకటి దొరకదేమోనని భయం. ఆ భయం మాకూ తెలియనిది కాదు. కాని దాని ఖరీదు చెల్లించేది పిల్లే గదా!

ఈ కొండలలోని కోందుల బ్రతుకు మీద గోపీనాథ్ మహాంతిగారు వ్రాసిన “అమృతర సంతాన” నవలకు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో పుయు అనే ఇల్లాలు, మగని మనసు మరొకతె మీదికి పోయిందని తెలిసి, చంటిబిడ్డను ఎత్తుకొని ఇల్లు విడిచి నడిచిపోతుంది. పట్నపు మధురవాణికీ, కొండమీది పుయుకూ పోలిక ఏమిటంటారా? మాకు మాత్రం ఇద్దరూ అక్కచెల్లెళ్లలా కనిపించారు.

చివరగా మన యువకులకు ఒక మనవి. వార్షికోత్సవాలలో సాధారణంగా గిరీశం, వెంకటేశంల రంగం ఒకటి ఆడి, చప్పట్లు పడగానే తెర దించుతారు. చివరి అంకం నిడివి ఎక్కువ, నవ్వులు తక్కువ, నిజమే. ఈసారి అదే ఆడండి. మధురవాణి వేషానికి మన ఆడపిల్లలలోనే ఒకరు దొరక్కపోరు. ఆ పిల్ల తల్లిదండ్రులను మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టండి.