సగం రాసిన నవల – కొత్తగా వచ్చిన కథ



ఈ దేశంలో ఉంటూ తెలుగులో రాస్తున్న మిత్రుల దగ్గర తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. "అయిదారేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. సగం అయింది. ఇప్పుడు వేరే కథ ఒకటి మనసులో పడి నిద్ర పట్టనివ్వడం లేదు. పాతది పక్కన పెట్టెయ్యనా?" ఈవేళ ఈ ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

ఇది రాసేవాళ్ళ గొడవ, మాకెందుకు అనుకోకండి. మనవాళ్ళు ఇక్కడ నవల రాసేది ఎప్పుడు? ఉద్యోగం, సరుకులు, పిల్లల సంగీతం క్లాసులు అన్నీ అయ్యాక, శనాదివారాల్లో, రాత్రి పదిన్నర దాటాక. సగం నవల అంటే అందులో ఆయన రాసిన పేజీలతో పాటు ఇంట్లోవాళ్ళు వదులుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి. అందుకే ఈ నిర్ణయంలో ఇల్లంతటికీ భాగం ఉంది.

మొదలుపెట్టినదాన్ని వదిలెయ్యడం నేరమేమీ కాదు. గురజాడ అప్పారావుగారు 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' నాటకాలు పూర్తి చెయ్యలేదు. ఆయనే 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ని వదలకుండా తిరగరాసి, 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తయారుచేశారు. వదిలిందీ, వదలనిదీ ఒక్క మనిషే.

ఈ దేశంలో మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' 1876 వేసవిలో మొదలుపెట్టాడు. కొంత దూరం వెళ్ళాక కథ ఆగిపోయింది. పక్కన పెట్టి వేరే పుస్తకాలు రాశాడు. 1882లో మిసిసిపీ నది మీద మళ్ళీ ప్రయాణం చేసి వచ్చాడు. మరుసటి ఏడాది నవల పూర్తయింది. తొట్టిలో నీళ్ళు అయిపోతే ఆగాలి, కొన్నాళ్ళకి అదే నిండుతుంది అన్నది ఆయన నమ్మకం.

మన కాలంలో మైకేల్ షేబన్ అనే అమెరికన్ రచయితది ఇంకో దారి. రెండో నవల మీద అయిదేళ్ళకు పైగా పనిచేసి, వందల పేజీలు రాసి, చివరికి వదిలేశాడు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే చిత్తుప్రతి పూర్తి చేసిన నవల 'వండర్ బాయ్స్' 1995లో వచ్చింది. దాని కథ ఏమిటో తెలుసా? ఎంత రాసినా ముగింపుకు రాని నవలతో అవస్థపడే ఒక రచయిత కథ! పాత నవల పెట్టిన బాధే కొత్త నవలకి వస్తువైంది.

మరి మనది ట్వేన్ దారా, షేబన్ దారా? నాకు తోచిన మూడు పరీక్షలు చెబుతాను.

మొదటిది. కొత్త ఆలోచన సరిగ్గా ఎప్పుడు వచ్చిందో చూసుకోండి. పాత నవలలో ఒక కష్టమైన ఘట్టం ముందు ఆగిపోయిన వారంలోనే వచ్చిందా? అయితే కొంచెం అనుమానించాల్సిందే. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. పెళ్ళిచూపుల్లో అందరూ బాగానే కనిపిస్తారు. కొత్త కథలో ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు కాబట్టి అందులో ఒక్క తప్పూ కనిపించదు.

రెండోది. మీరు తప్పించుకు తిరుగుతున్న ఆ ఘట్టాన్నే నాలుగు ఆదివారాలు కూర్చుని రాయండి. బాగా రాకపోయినా ఫరవాలేదు. కొత్త ఆలోచనకి ఒక నోటుబుక్కు కేటాయించి, తోచినవన్నీ అందులో పడెయ్యండి, కానీ మొదటి అధ్యాయం మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ ఘట్టం రాశాక పాత కథ కదిలితే సరే. కదలకపోతే లోపం మీ బద్ధకంలో లేదని తెలుస్తుంది.

మూడోది. ఈ నవల ఏ ప్రశ్నతో మొదలుపెట్టారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ ప్రశ్న ఇప్పటికీ మిమ్మల్ని బాధిస్తోందా? మనలో చాలామంది ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఇంటి మీద బెంగతో, ఊరి కథ మొదలుపెడతారు. సగం అయ్యేసరికి పిల్లలు కాలేజీకి వస్తారు, ఊళ్ళో ఆ వీధి ఆనవాలు లేకుండా పోతుంది, ఆ బెంగ కూడా మారిపోతుంది. రాసే మనిషే మారాక నవల ఆగడంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు కొత్త కథకి వెళ్ళడం న్యాయమే.

అయితే వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: రెండింటిలో ఏది ఆగగలదు?

నా సంగతే చెబుతాను. చీరాల వైపు ఒక నేత ఇంటి మీద నేను 2007లో మొదలుపెట్టిన నవల రెండువందల అరవై పేజీల దగ్గర ఉంది. ఇప్పుడు కొత్త ఆలోచన వచ్చింది. మా పక్క పార్కులో సాయంత్రాలు కలిసి నడిచే అమ్మమ్మలు, నాయనమ్మల కథ. ఆర్నెల్లకని వచ్చి, నెలలు లెక్కపెట్టుకునే తల్లుల కథ. మనసంతా అటే లాగుతోంది. కానీ తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు చాపి గంజి పెట్టిన రోజులు, గుంటమగ్గం ముందు కూర్చున్న మనిషి నడుము నొప్పి చెప్పగలిగినది మా మేనత్త ఒక్కతే. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఫోను చేస్తే, "ఏరా, నా మగ్గం కథ ఎక్కడిదాకా వచ్చింది?" అంటుంది. పార్కులో తల్లులు వచ్చే వేసవిలోనూ వస్తారు. అత్తయ్య జ్ఞాపకం అన్నాళ్ళు నిలుస్తుందని నేను అనుకోలేను. అందుకని ఆవిడ చెప్పాల్సిన మూడు అధ్యాయాలు ముందు రాస్తున్నాను. ప్రతి శనివారం ఫోనులో అడిగి రికార్డు చేసుకుంటున్నాను. కొత్త కథ నోటుబుక్కులో ఉంది.

మీ పరిస్థితి దీనికి తలకిందులు కావచ్చు. అప్పుడు పాతది పక్కన పెట్టండి, కానీ అటక మీదికి విసిరేసినట్టు పెట్టకండి. ఎక్కడ ఆగారు, తర్వాత ఏం జరగాలనుకున్నారు, ఎవరిని ఏం అడగాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసి దానితో కలిపి దాచండి. పాత ఫాంట్లలోనో, ఆర్.టి.ఎస్.లోనో టైపు చేసి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే మీ నవల మీకే అర్థంకాని గీతల్లా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి: ఏది ఆపుతున్నారో, ఏది మొదలుపెడుతున్నారో, ఎన్నాళ్ళకో. వాళ్ళిచ్చిన ఆదివారాలకి ఆ మాత్రం లెక్క చెప్పడం మర్యాద.