యంత్రయుగంలో ఉపాధి వాగ్దానం

(కళాశాల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

కర్మాగారం మూతపడిన ఊరిలో ఎన్నికల వేళ తప్పక వినిపించే మాట ఒకటి ఉన్నది. పోయిన పనులను తిరిగి తెస్తామన్నదే ఆ మాట. ఏ దేశంలోనైనా, ఏ పక్షం నోటనైనా దానికి ఆదరణ లభిస్తుంది. పని పోయిన మనిషి కోల్పోయేది వేతనం ఒక్కటే కాదు. నేర్చిన విద్యకు విలువ, నలుగురిలో గౌరవం, బిడ్డల భవిష్యత్తుపై భరోసా కూడా దానితోపాటే పోతాయి. కాబట్టి ఆ వాగ్దానాన్ని పరిహసించడం తగదు. అయితే దానిని పరీక్షించడం మాత్రం అవసరం. తిరిగి రాగలిగినదేది, రాలేనిదేది అని తేల్చుకోవడానికి మన దేశపు వస్త్ర పరిశ్రమ చరిత్ర ఎంతగానో తోడ్పడుతుంది.

1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ బొంబాయిలోని తాడ్‌దేవ్‌లో నూలు మిల్లుకు అంకురార్పణ చేశారు. ఆ తరువాత నూరేళ్లలో లాల్‌బాగ్, పరేల్ ప్రాంతాలు మిల్లుల పేటగా, మరాఠీవారి మాటలో ‘గిరణ్‌గావ్’గా ఎదిగాయి. కొంకణ తీరం నుంచి, సతారా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారితోపాటు తెలంగాణ పల్లెల పద్మశాలీలు కూడా అక్కడి మగ్గాలపై పనిచేశారు. షోలాపూర్, భివండీలలో తెలుగు వినిపించే నేత వాడలు నేటికీ ఉన్నాయి. భాషలు వేరైనా వారు నేసిన బట్ట ఒక్కటే. జాతీయ సమైక్యత ఆ మగ్గాల వరుసల మధ్య నిత్యజీవితంగా సాగింది.

ఈలోగా మగ్గం మారుతూ వచ్చింది. చేతిమగ్గంపై నాడెను నడిపేది మనిషి చెయ్యి. నిమిషానికి నలభై, యాభై పేక పోగులు పడితే అది మంచి నేర్పు. సాధారణ మరమగ్గం 100 నుంచి 150 పోగులు వేస్తుంది. కాని కండె మార్చడానికి, తెగిన పోగు అతకడానికి కార్మికుడు దగ్గరే ఉండాలి. తరువాత కండెను తానే మార్చుకొనే ఆటోమేటిక్ మగ్గం వచ్చింది. ఆపైన నాడె అవసరమే లేకుండా గాలి ధారతో పేకను పంపే మగ్గం వచ్చింది. అది నిమిషానికి 600కు పైగా పోగులు వేయగలదు. పోగు తెగితే తానే ఆగిపోయి దీపం వెలిగించి తెలుపగలదు. అటువంటి మగ్గాలను పదింటిని ఒక్క మనిషి చూసుకోగలడు. రెండు సాధారణ మరమగ్గాలు నడిపే కార్మికునితో పోలిస్తే అతని పర్యవేక్షణలో జరిగే నేత సుమారు ఇరవై రెట్లు. యంత్రం ఉపాధిని ఎలా హరిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఏడాదికి పైగా సాగిన ఆ సమ్మెను విరమించినట్లు అధికారిక ప్రకటన ఎన్నడూ వెలువడలేదు. 1983లో కేంద్ర ప్రభుత్వం 13 మిల్లుల నిర్వహణను స్వీకరించింది. మిల్లులు మళ్లీ తెరుచుకొంటాయన్న ఆశ చాలాకాలం నిలిచింది. కాని 1985 నాటి జౌళి విధానం నిలదొక్కుకోలేని మిల్లుల మూసివేతకు దారి ఇచ్చింది. 1991 నాటి నగరాభివృద్ధి నిబంధన ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు నగరపాలక సంస్థకు, మూడో వంతు గృహనిర్మాణ సంస్థకు, మిగిలినది యజమానికి చెందవలసి ఉండగా, 2001 సవరణ ఆ పంపకాన్ని ఖాళీ స్థలానికే పరిమితం చేసింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పొగగొట్టాలు నిలిచిన చోట ఆకాశహర్మ్యాలు లేచాయి. ‘మిల్లు తెరుస్తాం’ అన్న వాగ్దానం క్రమంగా ‘ఇల్లు ఇస్తాం’ అన్న వాగ్దానంగా మారింది. ఆ ఇళ్ల కోసం లక్షకు పైగా కార్మిక కుటుంబాలు లాటరీల వైపు చూడవలసి వచ్చింది.

ఈ పతనానికి యంత్రం ఒక్కటే కారణం కాదు. తక్కువ కూలికి పనిచేయించుకొన్న భివండీ మరమగ్గాల పోటీ, మిల్లు కంటె మిల్లు స్థలానికే ఎక్కువ ధర పలకడం, పాత యంత్రాలను యజమానులు సకాలంలో మార్చకపోవడం కూడా కారణాలే. విద్యార్థులు గమనించవలసిన చిక్కు ఇక్కడే ఉన్నది. యంత్రాలు మార్చని మిల్లు మొత్తం మూతపడింది. మార్చి ఉంటే మిల్లు నిలిచేది గాని అంతమంది కార్మికులకు అందులో చోటు ఉండేది కాదు. మిల్లును తిరిగి తెరవడం వేరు, రెండున్నర లక్షల పనులను తిరిగి తేవడం వేరు.

తెలుగు నేలపైనా ఇదే కథ నడిచింది. 1934లో వరంగల్లులో వెలసిన ఆజంజాహి మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది, చివరకు మూతపడింది. 2017 అక్టోబరు 22న ఆ నగరం చేరువలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీ, షోలాపూర్‌లకు వలసపోయిన నేతన్నలను తిరిగి రప్పించడం దాని ఆశయాలలో ఒకటిగా ప్రకటించారు. అక్కడికి వచ్చిన తొలి సంస్థలలో వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పోగు తీసే కర్మాగారం ఒకటి, పసిపిల్లల దుస్తులు కుట్టే సంస్థ మరొకటి. ఇవి స్వాగతించవలసినవే. కాని ఇవి కోరే నేర్పు వేరు. ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషికి ఇందులో చోటు దానంతట అదే దొరకదు. ఎవరైనా ఆ దారి వేయాలి.

సంపన్న దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికా కర్మాగారాలలో 1979లో సుమారు 1 కోటి 95 లక్షల మంది పనిచేస్తుండగా, 2010 నాటికి ఆ సంఖ్య 1 కోటి 15 లక్షలకు దిగింది. 2016లో ఇండియానాపొలిస్‌లోని కారియర్ కర్మాగారం మెక్సికోకు తరలిపోకుండా వెయ్యికి పైగా పనులను నిలిపినట్లు, అధ్యక్షుడిగా ఎన్నికైన నాయకుడు ఘనంగా ప్రకటించాడు. కొద్ది రోజులకే మాతృసంస్థ అధిపతి, అక్కడ పెట్టబోయే పెట్టుబడి ఆటోమేషన్‌కు వెళ్తుందని, దానివల్ల చివరకు పనులు తగ్గుతాయని బహిరంగంగానే చెప్పాడు. బంగ్లాదేశ్‌లోనూ స్వెట్టర్ల కర్మాగారాలలో చేతితో నడిపే అల్లిక యంత్రాల స్థానాన్ని కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు ఆక్రమించాయి.

మన దేశంలో 2011 నాటి జాతీయ వస్తూత్పత్తి విధానం, 2022 నాటికి ఈ రంగంలో పది కోట్ల కొత్త పనులు కల్పించాలని, జాతీయోత్పత్తిలో దీని వాటాను 25 శాతానికి చేర్చాలని సంకల్పించింది. గడువు నాటికి ఆ వాటా అయిదో వంతుకు కూడా చేరలేదు. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలోని పనివారిలో ఈ రంగంలో ఉన్నవారు 11.4 శాతం మాత్రమే. నాణ్యతలో తేడా రాకూడదని కొనుగోలుదారు పట్టుపట్టే ఈ కాలంలో కొత్త కర్మాగారం పెట్టేవారు సరికొత్త యంత్రాన్నే ఎంచుకొంటారు. కనుక పెట్టుబడి పెరిగినంత వేగంగా పనులు పెరగవు.

అయితే ప్రభుత్వాలు చేతులు కట్టుకొని కూర్చోవలసినదేనా? ఎంతమాత్రం కాదు, వాగ్దానం స్వరూపం మారాలి. 1986లో ఏర్పాటైన జౌళి కార్మికుల పునరావాస నిధి, మిల్లు శాశ్వతంగా మూతపడినప్పుడు కార్మికునికి మొదటి ఏడాది వేతనంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం చెల్లించే మార్గం చూపింది. మరమగ్గాల షెడ్లలోని అసంఖ్యాక కార్మికులకు ఆ నీడ అందలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, తొలగించిన ప్రతి కార్మికునికి పదిహేను రోజుల వేతనాన్ని కొత్త నైపుణ్యం కోసం యజమాని జమచేయాలని నిర్దేశించింది. మార్గం మంచిదే. కాని నడివయసు మనిషి కొత్త విద్య నేర్వడానికి పదిహేను రోజుల వేతనం ఏ మూలకు?

మగ్గాన్ని కాపాడతామన్న మాట కంటె మగ్గం నడిపిన మనిషిని కాపాడతామన్న మాట కష్టమైనది, ఖర్చుతో కూడినది. యంత్రం పెంచిన సంపదలో కొంత భాగం శిక్షణకు, వృద్ధాప్య భద్రతకు, వలస కుటుంబపు బిడ్డల చదువుకు నియమంగా చేరినప్పుడే అది నిజమవుతుంది. పనులు తిరిగి తెస్తామని రేపు ఎవరైనా సభలో పలికినప్పుడు, వోటుహక్కు పొందబోయే విద్యార్థులు అడగవలసిన ప్రశ్నలు మూడు: ఏ పని, ఏ యంత్రంపై, ఎందరికి? వీటికి అంకెలతో జవాబు చెప్పగలిగిన నాయకుని మాటనే నమ్మదగిన వాగ్దానంగా పరిగణించవలసి ఉంటుంది.