అడవిపందులు, తుపాకులు, మన చేలు
(పూడూరు మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఎరువుల మీద మాట్లాడుకుందామని కూర్చుంటే మాటంతా అడవిపందుల మీదికే పోయింది. మక్కచేను కంకి పాలు పోసుకునే వేళకు మంద పడి ఒక్క రాత్రిలో నేలమట్టం చేసిందని ఒకరు, కందిచేను గెట్టు పొడవునా తొక్కేసిందని ఇంకొకరు, పల్లికాయ తవ్వి తిన్నదని మరొకరు చెప్పారు. చివర్లో ఒక యువ రైతు లేచి, "మంచి రైఫిలు, దుర్భిణి ఉంటే అర కిలోమీటరు దూరం నుంచే పడగొట్టొచ్చు, సంఘం తరఫున లైసెన్సులు ఇప్పియ్యండి" అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ రోజు మేము జవాబు ఇవ్వలేదు. ఈ నెల రోజుల్లో చట్టం చదివినం, తుపాకీ తెలిసినవాళ్లను అడిగినం. తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

ముందే ఒక మాట. ఆ తమ్ముడి కోపం న్యాయమైనది. అప్పు తెచ్చి, విత్తనం వేసి, కలుపు తీసి, కోతకు వచ్చిన పంట తెల్లారేసరికి లేకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ అర కిలోమీటరు దూరం నుంచి కాల్చే తుపాకీ మన చేలకు పనికొచ్చేది కాదు. ఎందుకో చెప్తాం.

లైసెన్సు వేరు, అనుమతి వేరు

తుపాకీ లైసెన్సు ఉంటే పందిని కాల్చొచ్చు అనుకుంటున్నాం. అది తప్పు. ఇక్కడ రెండు చట్టాలు ఉన్నాయి.

మొదటిది 1959 ఆయుధాల చట్టం. పంట కాపలా కోసం రైతుకు తుపాకీ ఇచ్చే మాట ఈ చట్టంలోనే ఉంది. 13వ సెక్షను ప్రకారం పంట రక్షణకు ఇచ్చేది మూతి నుంచి మందు కూరే తుపాకీ, అంటే మన పెద్దలు చెప్పే భర్మారు. అది సరిపోదని అధికారికి నమ్మకం కుదిరితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీ, అంటే మామూలుగా 12 బోరు, ఇవ్వొచ్చు. పంట కాపలా పేరు మీద ఆ సెక్షను రైఫిలు మాట ఎత్తలేదు. పాయింట్ 22 రైఫిలు గురించి చెప్పింది గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులకు, గురి సాధనకు మాత్రమే. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

రెండోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2022లో సవరించిన తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షను ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా, కారణం చూపి అనుమతి ఇస్తేనే పంట పాడుచేసే జంతువును చంపొచ్చు. ఆ కాగితం లేకుండా కాలిస్తే చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నా కేసే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మీద పడ్డ జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చంపితే అది నేరం కాదు. ఆ మినహాయింపు ప్రాణానికే గానీ పంటకు వర్తించదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. అనుమతితో కాల్చిన పంది కూడా ప్రభుత్వ ఆస్తి. కోసి పంచుకుంటే అది వేరే కేసు. ఆశపడి ఇరుక్కోవద్దు.

లైసెన్సు లేని నాటు తుపాకీ సంగతి చెప్పే పనే లేదు. ఆయుధాల చట్టం కింద అది రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. పైగా ఆ గొట్టం మన మొహం మీదే పగలొచ్చు.

ఏ తుపాకీ ఎంత దూరం

తుపాకీ పట్టేది మనం కాకపోయినా, అటవీ శాఖ అనుమతితో వచ్చే షూటర్ మన చేలోనే నిలబడతాడు. ఆయన చేతిలో ఏముందో, అది ఎంత దూరం పోతుందో మనకు తెలిసి ఉండాలి.

12 బోరుకు తూటాలో చిన్న గుండ్లు ఉంటాయి. వాటినే ఛర్రాలు అంటాం. నంబరు పెరిగిన కొద్దీ ఛర్రా చిన్నది. 4, 6 నంబర్లు పిట్టలకు చేసినవి. పందిని కొడితే తోలులో దిగి గాయం చేస్తాయి తప్ప చంపవు. ఎల్‌జీ, ఎస్‌జీ అని రాసి ఉండేవి పెద్ద గుండ్లు, పెద్ద జంతువుకు అవే. పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో తయారయ్యే తూటాలు మన దేశంలో ఎక్కువ వాడకంలో ఉన్నాయి. పెద్ద గుండ్లయినా 30, 40 మీటర్ల దాకే నమ్మకం. ఆపైన గుండ్లు విడిపోతాయి. ఒకటి కాలికి, ఒకటి పొట్టకు తగిలి పంది పారిపోతుంది. అలా గాయపడ్డ పంది పొదలో ఉండి, పొద్దున కట్టెలకు పోయిన మనిషి మీద పడుతుంది. 40 మీటర్లు దాటితే పని చేయదని అటువైపు నిర్భయంగా నిలబడొద్దు. పెద్ద గుండు అర కిలోమీటరు దాటి కూడా పోగలదు.

రైఫిలు అంటే మన దేశంలో సామాన్య పౌరుడికి దొరికేది ముఖ్యంగా పాయింట్ 315. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేస్తుంది. తూటా బరువైనది, వేగం తక్కువ. 100 మీటర్లకు గురి కట్టి 200 మీటర్ల దగ్గర కాలిస్తే తూటా జానెడుకు మించి కిందికి దిగుతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు మన రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంతే. దూరం అంచనాలో 50 మీటర్లు తప్పినా తూటా కాలికో, పొట్టకో పోతుంది. 30-06 అనే రకం వేగం ఎక్కువ, అదే లెక్కన 200 దగ్గర సుమారు 10 సెంటీమీటర్లే దిగుతుంది. దాంతో దూరం కొట్టొచ్చు, నిజమే. కానీ గురి తప్పితే ఆ తూటా నాలుగు కిలోమీటర్ల దాకా పోగలదు. మన్నెగూడ చౌరస్తా నుంచి నాలుగు కిలోమీటర్లు గీత గీసి చూడండి, ఎన్ని ఇళ్లు, ఎన్ని బోర్లు, ఎన్ని గొర్ల మందలు వస్తాయో.

తూటాలోనూ రకాలున్నాయి. ముందు భాగం మెత్తటి సీసం ఉన్నది జంతువు ఒంట్లో విచ్చుకుని శక్తినంతా అక్కడే వదిలేస్తుంది. నిండా రాగి కవచం ఉన్నది ఒంట్లోంచి దూరి అవతలికి పోతుంది. వేటకు మెత్తటి ముక్కు తూటానే వాడాలి. అది కూడా మన దిక్కు రాళ్ల చెల్కల్లో రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆన్‌లైన్‌లో దొరికే ఎయిర్ గన్ గురించి పిల్లలు అడుగుతున్నారు. పాయింట్ 177 సైజు, 20 జౌళ్ల లోపు శక్తి ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. అది 10 మీటర్ల గురి సాధనకు తగిన వస్తువు. హైదరాబాద్ పిల్లవాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. మన పిల్లలకు ఆసక్తి ఉంటే క్లబ్బులో చేర్పించండి, సంతోషం. చేలోకి తీసుకుపోతే మాత్రం అది పందిని చంపదు, నెమలికి తగిలితే మనల్ని జైల్లో పెడుతుంది.

దుర్భిణి సంగతి

ఎక్కువ పెద్దదిగా చూపించే దుర్భిణి మంచిదని అనుకుంటారు. గురి పోటీలో నిజమే. అక్కడ గురి కదలదు, వెలుతురు ఉంటుంది, పడుకుని కాలుస్తారు. చేలో అలా ఉండదు. పెద్దదిగా చూపేకొద్దీ కనిపించే జాగ చిన్నదవుతుంది, మసక వెలుతురులో బొమ్మ నల్లబడుతుంది, చెయ్యి వణుకు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. పందికి మూడు, నాలుగు రెట్లు చాలు.

తుపాకీ మీద దుర్భిణి పెట్టగానే గురి కుదరదు. ఏ తూటా వాడతారో ఆ తూటాతోనే, బోర్డు మీద కాల్చి సరిచూసుకోవాలి. మామూలు దుర్భిణిలో మర ఒక్క క్లిక్ తిప్పితే 100 మీటర్ల దగ్గర గురి సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. జీపులో గతుకుల రోడ్డు మీద తెచ్చిన తుపాకీని మళ్లీ చూసుకోవాల్సిందే. మన ఊరికి షూటర్ వస్తే, "ఈ తూటాతో ఎప్పుడు గురి చూసుకున్నారు సార్?" అని అడగండి. మంచి షూటర్ ఆ ప్రశ్నకు కోప్పడడు.

ఇక అసలు మాట. తుపాకీ మీది దుర్భిణితో ఎవరూ వెతకొద్దు. అలా వెతకడమంటే కనిపించిన ప్రతి మనిషి మీదికి గొట్టం తిప్పడమే. వెతకడానికి మెడలో వేసుకునే రెండు కళ్ల దుర్భిణి వేరుగా ఉండాలి. దాంతో చూసి, పందే అని తేలి, వెనక ఏముందో కూడా చూసిన తర్వాతే తుపాకీ ఎత్తాలి.

ఈ మాట పుస్తకంలోంచి చెప్పడం లేదు. కొన్నేళ్ల కింద మా చేల దిక్కు చీకటి పడే వేళ ఒకాయన మక్కలో కదిలిన నీడ మీద కాల్చాడు. తూటా మా బోరు స్టార్టర్ డబ్బాకు తగిలింది. అరగంట ముందు మా తమ్ముడు అక్కడే నిలబడి మోటరు పెట్టి వచ్చాడు. డబ్బా పోయింది, కొత్తది కొనుక్కున్నం. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు చేలోకి పోయేవాళ్లం మనం. రాత్రిపూట చేలో కదిలేది పంది ఒక్కటే కాదు.

మంచె మీద నుంచి, దగ్గరగా

అందుకే మా అభిప్రాయం ఇది. మన దగ్గర పందిని కాల్చాల్సి వస్తే అది దూరపు షూటింగు కాకూడదు. మన తాతలు జొన్నచేలో వడిసెల పట్టుకుని కూర్చున్న మంచె ఉంది కదా, అదే సరైన చోటు. పది, పన్నెండు అడుగుల ఎత్తు నుంచి 30 మీటర్ల లోపు కాలిస్తే గొట్టం కిందికి చూస్తుంది, గురి తప్పిన తూటా కూడా మట్టిలో దిగుతుంది. ముందు రోజే ఊళ్లో డప్పు వేసి చెప్పాలి. ఆ సమయానికి చుట్టుపక్కల బోర్ల దగ్గర ఎవరూ లేరని చూసుకోవాలి. వార్డు సభ్యుడో, ఆ చేను రైతో షూటర్ పక్కన ఉండాలి. గాయపడ్డ పందిని వెతికి పని పూర్తి చేసే బాధ్యత కాల్చినవాడిదే.

ఇది తుపాకీ లేకుండానే జరిగే ఘోరం గురించి కూడా. కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టడం మానండి. ఆ తీగకు పంది, మనిషి తేడా తెలియదు. పక్క చేను రైతు, పొద్దున్నే పాలకు పోయే పిల్లగాడు, ఒక్కోసారి కట్టినవాడే బలి అవుతున్నారు. సోలార్ కంచె వేరు. దానిలో కరెంటు క్షణంలో వెయ్యోవంతుల సేపు కొట్టి ఆగుతుంది, జంతువు జడిసి పోతుంది, చావదు. నాటు బాంబులు కూడా వద్దు. మేతకు పోయిన బర్రె మూతి పగిలితే ఆ పాపం ఎవరిది?

ప్రభుత్వం చేయాల్సింది

బరువంతా రైతు మీద పెట్టి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. అడవిపందులను సాకింది మనం కాదు. అవి తిన్న పంటకు నష్టం మాత్రం మనదవుతోంది.

బయట ఏం జరిగిందో చూడండి. బీహార్‌లో 2015 డిసెంబరులో కేంద్రం నీల్గాయ్‌ను, అడవిపందిని కొన్ని జిల్లాల్లో ఏడాదిపాటు హానికర జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా దిక్కు హైదరాబాద్ నుంచి వేటగాళ్లను పిలిపించి రెండు వందలకు పైగా నీల్గాయ్‌లను కాల్పించారు. దాని మీద ఇద్దరు కేంద్ర మంత్రులే బహిరంగంగా విభేదించారు. కేరళ 2022 మేలో పంచాయతీ అధ్యక్షులకు అడవిపంది విషయంలో అనుమతి ఇచ్చే అధికారం ఇచ్చింది. ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో వాదించుకోవచ్చు. రెండు చోట్లా కనిపించేది ఒకటే, ప్రభుత్వం తన పేరు మీద ఉత్తర్వు ఇచ్చి తన మీద బాధ్యత వేసుకుంది. రైతు చేతికి తుపాకీ ఇచ్చి నీ చావు నువ్వు చావు అనలేదు.

మన మండలంలో ఇంకో మాట కూడా ఉంది. 2024 అక్టోబరు 15న దామగుండం అడవిలో నేవీ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి అందులో పోయింది. దేశ రక్షణ కావాలి, కాదనం. కానీ అడవి తగ్గితే అందులోని జీవాలు ఎటు వస్తాయి? మన చేలలోకే వస్తాయి. ఆ లెక్క కూడా వేసి పరిహారం, కంచెలు ఇవ్వమని అడిగే హక్కు ఈ మండలం రైతులకు ఉంది.

అందుకే సంఘం తరఫున ఐదు డిమాండ్లు పెడుతున్నాం. అర్జీ పెట్టిన వారంలోపు 11వ సెక్షను కింద అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చి రాతలో చెప్పాలి. వచ్చే షూటర్ ఖర్చు రైతు మీద వేయకూడదు. నష్టపరిహారం పెట్టుబడికి కాకుండా పోయిన పంట విలువకు కట్టాలి. అడవి అంచు గ్రామాలకు సోలార్ కంచెలు సబ్సిడీ మీద ముందుగా ఇవ్వాలి. అడవి అంచు బోర్లకు పగటి కరెంటు ఇవ్వాలి.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. పంది పడ్డ తెల్లారే, తొక్కిన చేను ఫోటో తీయండి. తేదీ, సర్వే నంబరు, ఎన్ని సాళ్లు పోయిందో రాయండి. పక్క రైతుతో సంతకం పెట్టించి మండల కమిటీకి ఇవ్వండి. విడివిడిగా పోతే ఆఫీసులో పక్కకు పెడతారు. కట్ట కట్టి తీసుకుపోతే చూడక తప్పదు.

పోయిన నెల రైఫిలు అడిగిన తమ్ముడు ఈ రోజు కూడా ముందు వరుసలోనే కూర్చున్నాడు. తమ్ముడూ, మొదటి అర్జీ నీ చేను నుంచే రాయిద్దాం. సభ అయిపోగానే ఉండు, కలిసి కూర్చుని రాద్దాం.

సెలవు.