వెడల్పు వేరు, జాప్యము వేరు

విదేశమందున్న కుమారునితో తల్లి మాటలాడుచుండగా మాట తెగిపోవును. ‘నెట్టు బాగుగా లేదు’ అని సరిపెట్టుకొందుము. కాని లోపమేది? దానిని తెలుపు మాటలు మూడున్నవి.

కాలువ వెడల్పును బట్టి పారు నీరు. అట్లే సెకనుకు ఎంత సమాచారము పోగలదో తెలుపునది బ్యాండ్‌విడ్త్. తూము తలుపెత్తిన పిదప నీరు చివరి పొలమునకు చేరుటకు పట్టు కాలము వంటిది లేటెన్సీ, అనగా జాప్యము. సమాచారము చిన్న తునకలుగా ప్రయాణించును. వాటికి 1960 దశకమున బ్రిటిషు శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ డేవిస్ ‘ప్యాకెట్’ అని పేరిడెను. అవి దారిలో పోయినచో ప్యాకెట్ లాస్.

జాప్యమును, నష్టమును కొలుచు సాధనము పింగ్. అమెరికాలో మైక్ మూస్ దీనిని 1983 డిసెంబరులో రచించి, జలాంతర్గాములను వెదకు సోనార్ ధ్వనిని బట్టి పేరు పెట్టెను. అవతలి యంత్రమును పలకరించి బదులు తెచ్చుటకు ఎన్ని మిల్లీసెకనులు పట్టెనో, ఎన్ని పలకరింపులకు బదులు రాలేదో అది చెప్పును.

భూస్థిర ఉపగ్రహము దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. దాని మీదుగా పింగ్ పోయి వచ్చుటకు కాంతివేగమున సైతము దాదాపు అర్ధసెకను పట్టును. కాలువను ఎంత వెడల్పు చేసినను ఆ దూరము తగ్గదు.

కనుక హెచ్చు వేగపు ప్లానుకు సొమ్ము కట్టుటకు ముందు పింగ్ చేసి చూడుడు. బదులు రానివి ఎక్కువైనచో తీగను, వైఫైని బాగుచేయింపుడు. ఇంటిల్లిపాదియు వాడునపుడే జాప్యము పెరుగుచున్నచో, అప్పుడు వెడల్పు కొనుడు.