గోడ మీద గీత పడక ముందే
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు మున్సిపల్ ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేసి రిటైరయిన వాణ్ణి. మన కార్యదర్శి గారు వచ్చి "మీకు ఆఫీసు లోగుట్టు తెలుసు గదా, లైబ్రరీ వేళల సంగతీ, రోడ్డు సంగతీ నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. లోగుట్టు ఏమీ లేదండీ. చాలా మటుకు నోటీసు బోర్డు మీదనే ఉంటుంది. దాన్ని చూసేవాళ్ళు లేరు. నేనే చూడలేదు. ముందు ఆ సంగతి చెప్పుకుంటాను.

1986లో నేను వేరే ఊరి మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటుని. ఆ ఊళ్ళోనే మా అబ్బాకి బజారు రోడ్డులో రేకు పని కొట్టు ఉండేది. కిరసనాయిలు గరాటాలు, బాల్చీలు, ట్రంకు పెట్టెలు. కొట్టు లోతు పదకొండడుగులు. ఆ రోడ్డు వెడల్పు చెయ్యాలని కౌన్సిలు తీర్మానం చేసింది, భూసేకరణ నోటిఫికేషను వచ్చింది. నోటీసు బోర్డుకి అంటించమని పెద్ద గుమాస్తా నాకే ఇచ్చారు. నేనూ, అటెండరూ మైదా జిగురు రాసి అంటించాం. అందులో మనుషుల పేర్లు తక్కువ, నంబర్లు ఎక్కువ. వార్డు ఇంత, బ్లాకు ఇంత, టౌను సర్వే నంబరు ఇంత. మా కొట్టు ఆ నంబర్లలో ఉంది. రిజిస్టరులో హక్కుదారుగా మా దాదా పేరు, అదీ తప్పుగా రాసిన పేరు ఉంది. నా కళ్ళ ముందరే పోయింది, నాకు తెలియలేదు.

అప్పుడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని ప్రకారం అభ్యంతరం చెప్పుకోవటానికి గడువు 30 రోజులు. ఆ 30 రోజులూ మా అబ్బా తెల్లవారి లేస్తే రేకు కత్తిరించుకుంటూనే ఉన్నాడు. గడువు దాటి చాలా రోజులయ్యాక సర్వేయరు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసి, పక్కన ఒక అంకె వేసి పోయాడు. తొమ్మిది అని. అంటే పదకొండడుగుల్లో తొమ్మిదడుగులు పోతాయన్న మాట. ఆ సాయంత్రం అబ్బా నన్ను పిలిచి, "బేటా, ఆ కాగితం అంటించింది నువ్వేనంట గదా, అటెండరు చెప్పాడు" అన్నాడు. కోప్పడి అన్నాడా అంటే కాదు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. నేను ఏమి చెప్పగలను? దాదా పేరు మీద ఉన్న ఆస్తికి వారసులం మేమేనని ఋజువు చేసుకునే దాకా పరిహారం కోర్టులో డిపాజిట్టు చేశారు. అది చేతికి వచ్చేటప్పటికి అబ్బా చనిపోయి మూడేళ్ళు.

ఆ రోడ్డు అవసరం లేదని నేను అనను. బస్సులు తిరగటానికి చోటుండేది కాదు. కానీ ఎదురు వరుసలో ఒక పాడుబడిన గిడ్డంగి ఉండేది. సెంటరు లైను ఐదడుగులు అటు జరిపితే పది, పన్నెండు కొట్లు నిలిచేవి. ఆ మాట 30 రోజుల్లో కాగితం మీద ఎవరైనా రాసి ఉంటే ఇంజనీరు జవాబు రాయక తప్పేది కాదు. ఎవరూ రాయలేదు గనుక ఫైలులో "అభ్యంతరములు లేవు" అని రాశారు. ఆ ముక్క నేనే ఫెయిర్ కాపీ చేశాను.

ఇక లైబ్రరీ సంగతి. నాలుగేళ్ళ క్రితం మన శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకానే తెరిచేవారని మీకందరికీ తెలుసు. పోటీ పరీక్షలకు చదువుకునే మన ఆడపిల్లలకి పొద్దున ఇంటి పని, సాయంత్రం ఏడు దాటితే ఇంటికి వెళ్ళే దారి చీకటి. మధ్యాహ్నం వాళ్ళకి తీరిక, అప్పుడు లైబ్రరీకి తాళం. సంఘం తరఫున మహజరు తయారుచేసి, నూట యాభై సంతకాలు పెట్టించి, మున్సిపల్ కమిషనరు గారికి ఇచ్చాం. ఫోటో కూడా తీయించుకున్నాం. మూడు నెలల తరువాత జవాబు వచ్చింది: ఇది మా పరిధిలోనిది కాదు అని.

నిజమే మరి. గ్రంథాలయాలు 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థ చేతిలో ఉంటాయి. మున్సిపాలిటీ చేసే పని ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఆ సంస్థకి జమ చెయ్యటం. అంటే పన్ను కట్టేది ఒక చోట, వేళలు నిర్ణయించేది ఇంకో చోట. ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేసిన నేను కూడా ఆ మహజరు మీద సంతకం పెట్టాను! ఫోటోలో ముందు వరుసలో ఉన్నాను కూడాను.

తరువాత సరైన ఆఫీసుకే వెళ్ళాం. అక్కడ చెప్పిన మాట, "సిబ్బంది ఒక్కరే సాయిబు గారూ, ఆయన పొద్దున, సాయంత్రం రెండు పూటలా వస్తున్నాడు, మధ్యాహ్నం ఎవరు కూర్చుంటారు?" అని. అదీ కాదనలేని మాటే. మేము నిరుత్సాహపడి వచ్చేశాం. అప్పుడు డిగ్రీ చదివే ఒక అమ్మాయి, ఇవాళ ఈ సభలోనే ఉంది, పేరు చెప్పవద్దన్నది, ఒక నోటు పుస్తకం తీసుకుని నెల రోజులు లైబ్రరీ మెట్ల మీద కూర్చుంది. పదకొండుకీ నాలుగుకీ మధ్య వచ్చి తాళం చూసి తిరిగి పోయిన వాళ్ళని టైముతో సహా రాసింది. రోజుకి పదిహేను మంది, ఒక్కొక్క రోజు ఇరవై మంది. మన వీధి వాళ్ళే కాదు, రైల్వే గేటు అవతలి పిల్లలు, ఆటో తోలుకునే కుర్రాళ్ళు, పేపరు చూసుకునే పెన్షనర్లు. ఆ పుస్తకం చూసి కార్యదర్శి గారు కాసేపు మాట్లాడలేదు. చివరికి అటెండరు పర్యవేక్షణలో పఠన మందిరం మట్టుకు మధ్యాహ్నం రెండింటి దాకా తెరిచి ఉంచటానికి ఉత్తర్వు వచ్చింది. పుస్తకాలు ఇంటికివ్వటం లేదు, రెండు దాటితే తాళమే. మేము అడిగింది నాలుగు దాకా. సగం దక్కింది. నూట యాభై సంతకాలతో కాని పని ఒక నోటు పుస్తకంతో సగమైనా అయింది.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రాథమిక నోటిఫికేషను వచ్చిన తరువాత అభ్యంతరం చెప్పుకోవటానికి 60 రోజులు ఉంటుంది. 2024 మే నెలలో కలకత్తా నగర కార్పొరేషను కేసులో సుప్రీం కోర్టు, ఆస్తి తీసుకునే అధికారం ఉన్నంత మాత్రాన చాలదు, నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలు చూపి నిర్ణయం చెప్పాలి, పరిహారం ఇవ్వాలి అని విడమరిచి చెప్పింది. అదే ఏడు నవంబరులో కూల్చివేతలకు ముందు పదిహేను రోజుల నోటీసు ఉండాలని ఇంకో తీర్పు వచ్చింది. అది చూసి మనవాళ్ళు కొందరు గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆ తీర్పులోనే రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు ఇది వర్తించదు అని ఉంది. మన అరుగులు, మెట్లు, రేకుల వసారాలు సగం కాలువ మీదకి కట్టుకున్నవే గదా. వాటి మీద వాదన పెట్టుకుంటే అసలు వాదన పలచబడిపోతుంది.

ఇంకొక సంగతి. ఈ మధ్య రోడ్డు వెడల్పులో డబ్బు పరిహారానికి బదులు టి.డి.ఆర్. బాండు ఇస్తామంటున్నారు. స్థలం ఇచ్చిన దానికి ప్రతిగా వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు, లేదా ఆ హక్కును అమ్ముకునే వీలు. పెద్ద స్థలం గల వారికి అది మంచిదే కావచ్చు. నూరు చదరపుటడుగుల కొట్టు పోయిన వాడు ఆ కాగితం పట్టుకుని ఎవరికి అమ్ముతాడు? పైగా అది సొంతదారుకే. కొట్టు అద్దెకు తీసుకుని బతికేవాడికి అందులో పైసా రాదు. 2013 చట్టం కిందనైతే, సొంత ఆస్తి లేకపోయినా మూడేళ్ళుగా అక్కడ పని చేసుకుంటూ జీవనాధారం పోగొట్టుకునే కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కిస్తారు. ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని సొంతదారు సంతకం పెట్టిన రోజున అద్దెవాడి మాట అక్కడితో సరి. సంతకం పెట్టే ముందు అద్దెవాణ్ణి కూడా పిలిచి మాట్లాడండి.

హైదరాబాదు పాతబస్తీలో మెట్రో రైలు సంగతి మీరు పేపర్లలో చదివి ఉంటారు. ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లు. 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. ఆ దారి పొడుగునా మసీదులు, దర్గాలు, ఆషుర్‌ఖానాలు, గుళ్ళు, చారిత్రక కట్టడాలు కలిపి వందకు పైగా ఉంటే, స్తంభాల చోటు మార్చి, మార్గాన్ని అక్కడక్కడ వంపు తిప్పి వాటిని తప్పిస్తామని మెట్రో సంస్థ వారు ప్రకటించారు. ఎలైన్‌మెంటు అంటే రాతి మీద గీత కాదు, జరుపుతే జరుగుతుంది అని చూపటానికి ఇది చెబుతున్నాను. కానీ అదే దారిలో వెయ్యికి పైగా ఇళ్ళు, దుకాణాలు నష్టపోయే జాబితాలో చేరాయి. గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం ప్రకటించి, 2025 జనవరిలో చెక్కులు ఇవ్వటం మొదలుపెట్టారు. కాగితాలు సరిగ్గా ఉన్నవారే ముందు వరుసలో నిలబడగలిగారు.

ఇప్పుడు మన రోడ్డు. ఇంతసేపూ దీని కోసమే మాట్లాడాను. మన సంఘ భవనం ముందరి రోడ్డు ఇప్పుడు 33 అడుగులు. దాన్ని 60 అడుగులు చేస్తామని ప్రతిపాదన వెలువడింది, అభ్యంతరాల గడువు నడుస్తున్నది. పెరిగేది 27 అడుగులు, ఒక్కో వైపు పదమూడున్నర. మన భవనానికి వరండా, మెట్లు, ముందు గదిలో మూడున్నర అడుగులు పోతాయి. మన కార్యవర్గం వారు ఒక అభ్యంతరం చిత్తు రాసి నాకు చూపించారు. సెంటరు లైనును పూర్తిగా ఉత్తరానికి జరపండి, మన వైపు ముట్టుకోవద్దు అని అందులో ఉంది.

పెద్దలు కోపగించుకోకూడదు. ఉత్తరాన ఉన్నదెవరు? ఆచారి గారి కంసాలి కొట్టు, మన దూదేకుల వారి పరుపుల కొట్టు, సైకిలు షాపు, టిఫిను బండి పెట్టుకునే ఆవిడ ఇల్లు. ఆ కొట్ల లోతు ఇరవై అడుగులు. నేను టేపు పట్టి కొలిచాను. పదమూడున్నర పోతే ఇంకా ఆరున్నర మిగిలి, వాళ్ళు బల్ల వేసుకుని బతుకుతారు. 27 పోతే ఏమీ మిగలదు, వెనుక గోడ కూడా. 1986లో మా ఎదురు వరుస వాళ్ళు ఇట్లాంటి కాగితమే పెట్టి ఉంటే మా అబ్బాకి ఆ రెండడుగులు కూడా దక్కేవి కావు. ఈ చిత్తు మీద నేను సంతకం పెట్టలేను.

ఇంకో దారి ఉంది. రోడ్డు తూర్పు కొసన ఉన్న కల్వర్టు వెడల్పు నేను కొలిచాను, 24 అడుగులు. దాన్ని మార్చే మాట ప్రతిపాదనలో ఎక్కడా లేదు. 60 అడుగుల రోడ్డు పోయి 24 అడుగుల కల్వర్టులో పడితే బండ్లన్నీ మన గుమ్మం ముందరే ఆగుతాయి. పైగా లారీలు ఇప్పుడు బైపాసు మీదుగా పోతున్నాయి. కాబట్టి 40 అడుగులు చాలును అని మనం రాయవచ్చు. పెరిగేది ఏడడుగులు, ఒక్కో వైపు మూడున్నర. మన వరండా కొంత పోతుంది, పోనివ్వండి. వాళ్ళు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. రెండు వరుసల వారూ కలిసి, కొలతలతో, ఏ పూట ఎన్ని బండ్లు తిరుగుతున్నాయో లెక్కతో ఇస్తే, కనీసం "అభ్యంతరములు లేవు" అని మట్టుకు రాయలేరు.

కావలసినవి చెబుతాను. ఈ సంవత్సరం ఇంటి పన్ను రశీదు, దాని మీద అసెస్‌మెంటు నంబరు. దస్తావేజు నకలు. పేరు తాతల నాటిది అయితే వారసుల సర్టిఫికెట్టు కోసం ఇవాళే దరఖాస్తు పెట్టండి. అద్దెకు ఉన్నవారు కరెంటు బిల్లో, ట్రేడు లైసెన్సో తెచ్చుకోండి. 2019లో వార్డు సచివాలయం పేరుతో వచ్చిన ఆఫీసులో ప్లానింగు చూసే ఉద్యోగి దగ్గర మన వీధి సర్వే నంబర్లు అడిగితే చెబుతారు, లేకపోతే సమాచార హక్కు చట్టం కింద నకళ్ళు అడగండి. అర్జీ ఇచ్చి ఊరకే వచ్చెయ్యకండి, తపాలా సెక్షనులో ఇన్‌వర్డు నంబరు వేయించుకుని, రెండో ప్రతి మీద ముద్ర కొట్టించుకోండి.

మసీదు వెనుక ఖబరస్తాను ప్రహరీ గోడ కూడా ఆ గీతకి దగ్గరలోనే ఉన్నది. ముతవల్లీ గారు వక్ఫ్ కాగితాలు తీసి ఉంచితే మంచిది. అభ్యంతరంలో దాన్ని వేరే పేరాగా రాద్దాం, ఇళ్ళ సంగతితో కలపవద్దు.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత ఇక్కడే టేపు, నోటు పుస్తకాలతో కూర్చుంటాం. లైబ్రరీ లెక్క రాసిన అమ్మాయి బండ్ల లెక్కకు పిల్లల్ని పంచుతానన్నది. ఆచారి గారికి, అటు వరుస వారికి ఇవాళ సాయంత్రం నేనే పోయి చెప్పి వస్తాను, కార్యదర్శి గారు కూడా నాతో వస్తే బాగుంటుంది.