సెలవు అడగాలంటే ‘తై’, ‘తకత్త’ కాదు

(ఆదివారం ఆక్లాండ్‌లో చెప్పిన మాటలు, షిఫ్ట్ వల్ల రాలేనివాళ్ళ కోసం)

ఇక్కడి వీసా గడువు దగ్గరపడుతుంటే మనలో కొందరు జపాన్ వైపు చూస్తున్నారు. అక్కడ 2019 ఏప్రిల్‌లో మొదలైన తోకుతెయ్ గినో వీసాకి మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఎక్కువ పనులకి జేఎల్‌పీటీ ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. పని పరీక్ష వేరే. జేఎల్‌పీటీలో మాట్లాడించే పరీక్షే లేదు. అందుకే కాగితం మీద పాసైనా సూపర్‌వైజర్ ముందు నోరు పెగలదు. ఇవాళ ఒక్క ముక్కే చూద్దాం: ‘నాకు ఫలానా చేయాలని ఉంది’ అనడం.

‘ఇకిమాస్’ అంటే వెళ్తాను. మాస్ తీసేసి తై పెట్టండి: ఇకితై, వెళ్ళాలని ఉంది. ‘బ్యోఇన్ ని ఇకితై దెస్’ అంటే ఆసుపత్రికి వెళ్ళాలని ఉంది. మాటల వరస కూడా మనదే. నన్నడిగితే ఇంగ్లీషు కన్నా ఇదే తేలిక.

అప్పటి కోరికైతే దెస్‌ని ముట్టుకోకండి, తైని తకత్త చేయండి: ఇకితకత్త దెస్, వెళ్ళాలని ఉండింది. ‘ఇకితై దెషిత’ తప్పు. వెళ్ళాలని లేదంటే ఇకితకునై, అప్పుడు లేదంటే ఇకితకునకత్త. నాలుక తిరగడానికి టైం పడుతుంది, పర్లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. మనం మర్యాదకి ‘సెలవు అడుగుదామనుకున్నానండి’ అంటాం. ఇక్కడ ఇంగ్లీషులో ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’ అన్నా, ఇప్పుడే అడుగుతున్నామని బాస్‌కి అర్థమవుతుంది. ఆ అలవాటుతో జపాన్‌లో ‘యసుమితకత్త దెస్’ అన్నారనుకోండి, అప్పుడెప్పుడో సెలవు పెట్టాలనిపించింది, అయిపోయింది అని వినిపిస్తుంది. మీరు నొప్పితో నిలబడి అడుగుతుంటే ఆయన ‘సో దెస్ క’, అవునా, అనేసి వెళ్ళిపోతాడు. ‘అషిత యసుమితై న్ దెస్ గ...’ అనండి. రేపు సెలవు కావాలండీ, మరి... అన్నట్టు సాగదీసి ఆపండి. మర్యాదంతా ఆ చివరి ‘గ’లోనే ఉంది.

ఇంకోటి. యసుమితై అంటే సెలవు తీసుకోవాలని, యమెతై అంటే పని మానేయాలని. ‘సుమి’ బదులు ‘మె’ పడితే రాజీనామా అయిపోద్ది! తోకుతెయ్ గినోలో అదే రంగంలో కంపెనీ మారొచ్చు గానీ, ముందు ఇమిగ్రేషన్ అనుమతి రావాలి. అది రాకుండా కొత్తచోట పనిలోకి దిగకూడదు.

పక్కవాడి కోరికని నేరుగా తైతో చెప్పరు. మనం ‘వాడికి వెళ్ళాలని ఉందట’ అని ‘ట’ తగిలిస్తాం చూడండి, అలా ‘ఇకితై తో ఇత్తె ఇమాస్’, వెళ్ళాలని ఉందంటున్నాడు, అనాలి. పెద్దవాళ్ళని ‘నొమితై దెస్ క’, తాగాలనుందా, అనడం మొరటు. ‘నొమిమసెన్ క’ అంటే తాగుతారా అండీ అన్నట్టు.

వచ్చే ఆదివారం జీతం, ఓవర్‌టైం మాటలు. ఈలోపు గ్రూపులో ఒక్కొక్కరు వాయిస్ మెసేజ్ పెట్టండి: నడుం నొప్పి, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి. ‘న్ దెస్ గ’ మర్చిపోవద్దు.