పర్యాటక ప్రదేశములు: లేవు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. సర్వీసులో ఉండగా, 1990లలో, నేను పనిచేసే ఆఫీసుకు ఒక ప్రొఫార్మా వచ్చింది. మండలంలో చూడదగిన స్థలాల వివరాలు వారంలోగా పంపాలి. వారం గడువంటే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆరో రోజు సాయంత్రం ఫైలు విప్పుతాం. అలాగే విప్పాను. "పర్యాటక ప్రదేశములు" అన్న కాలం ఎదురుగా "లేవు" అని రాసి సంతకానికి పెట్టాను. సంతకం అయింది, డెస్పాచి అయింది. ఒక్క మెమో రాలేదు, ఒక్క రిమైండరు రాలేదు. నా సర్వీసు మొత్తంలో ఒక్క అభ్యంతరం లేకుండా వెళ్లిన కాగితం బహుశా అదొక్కటే.

మా అమ్మాయి దగ్గరికి బెల్ఫాస్టు వెళ్లి వచ్చానని తెలిసి, బహుమతులు పొందిన పర్యాటక స్థలాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ఆ ఊరు ఉత్తర ఐర్లండులో ఉంది. చిన్న దేశం. దేశం మొత్తం జనాభా పంతొమ్మిది లక్షలు, అంటే ఇంచుమించు మన ఏలూరు జిల్లా అంత. అక్కడ టైటానిక్ ఓడ పేరుతో ఒక పెద్ద ప్రదర్శనశాల కట్టి 2012లో తెరిచారు. 2016లో దానికి ప్రపంచంలోనే మేటి సందర్శక స్థలమని అవార్డు వచ్చింది. ఆ ఓడ సంగతి మీకు తెలిసిందే. 1912 ఏప్రిల్‌లో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయింది. మన ఊళ్లో కట్టిన ఓడ అలా మునిగితే ఆ మాట ఎత్తనైనా ఎత్తుతామా? వాళ్లు మాత్రం ఓడ కట్టిన చోటే ఆ భవనం కట్టి, చూడటానికి టిక్కెట్టు పెట్టారు. నాకు నచ్చింది ఆ భవనం హంగు కాదు. లోపల మొదట చెప్పేది ధనవంతుల గదుల గురించి కాదండి, ఆ రేవులో రివెట్లు కొట్టిన కూలీల గురించి. వాళ్ల పని ఎలా సాగేదో, ఆ చప్పుడు ఎలా ఉండేదో చూపిస్తారు. మా అల్లుడు ఫోటోలు తీస్తుంటే నేను అక్కడే నిలబడి చదువుకున్నాను.

అంత దూరం వెళ్లకుండా మన తెలుగువాళ్ల మాట చెబుతాను. భూదాన్ పోచంపల్లి. 1951లో వినోబా భావే గారు అక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఏముంది అక్కడ? తాజ్ మహల్ లేదు. ఇళ్లల్లో మగ్గాలు ఉన్నాయి, నూలుకి ముడులు వేసి రంగులద్దే నేతపని ఉంది. వెళ్లినవాడు మగ్గం పక్కన కూర్చుని చూడొచ్చు, నేసినవాడి దగ్గరే చీర కొనుక్కోవచ్చు.

అవార్డు వస్తే పని అయిపోయిందనుకోకూడదు. విశాఖ రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, భద్రత, ఇలా ముప్ఫై మూడు షరతులు దానికి. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా దింపించారు, సరిచేశాక మళ్లీ ఇచ్చారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకుంటాం చూడండి, అలాంటిదే ఇదీ.

ఇక మన సంగతికి వస్తాను. పోయిన కార్తీకమాసంలో మన సంఘం వాళ్లం అయిదుగురం కారు మాట్లాడుకుని గుంటుపల్లి గుహలకి వెళ్లాం. కామవరపుకోట మండలం, జీలకర్రగూడెం దగ్గర. ఏలూరికి నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. కొండను తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. లోపల నిలబడి పైకి చూస్తే తాటాకింటి వాసాల్లాగా రాతిలోనే చెక్కారు. క్రీస్తుపూర్వం నాటిది. బీహారులో బరాబర్ కొండల్లో లోమశ రుషి గుహ ఉందే, దాని పోలిక ఇందులో కనిపిస్తుందని పండితులు చెబుతారు. మేమేం చేశాం? మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాం, పులిహోర తిన్నాం, ఫోటో దిగాం, దిగొచ్చాం.

ఇంటికి వచ్చాక ఒక పుస్తకం తిరగేస్తుంటే గుంటుపల్లి శాసనం ఒకటి కనపడింది. కళింగ, మహిషక దేశాలకు అధిపతి, మహామేఘవాహన వంశం వాడు శ్రీసదుడనే మహారాజు. ఆయన కొలువులో చూళగోముడు అనే ఒక లేఖకుడు అక్కడి బౌద్ధ సంఘానికి మండపం దానం చేశాడు. లేఖకుడంటే ఎవరండి? గుమాస్తా! సుమారు రెండువేల ఏళ్ల కిందట మన కేడరు వాడు జీతం డబ్బుతో మండపం కట్టించి, రాతి మీద పేరు చెక్కించుకున్నాడు. పే స్కేలు ఎంతో మాత్రం శాసనంలో లేదు. అయిదుగురు గుమాస్తాలం ఆ కొండెక్కి కూడా, మనవాడొకడు అక్కడ ఉన్నాడని తెలియకుండా దిగొచ్చాం. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పాత "లేవు" గుర్తుకొచ్చింది.

ఎందుకంటే దెందులూరు మాటేమిటి? భీమలింగం దిబ్బ కేంద్ర పురావస్తు శాఖ వారి రక్షిత స్థలాల జాబితాలో ఉంది. పెదవేగి శాలంకాయనుల రాజధాని. తరువాత తూర్పు చాళుక్యులు వేంగి పేరుతోనే రాజ్యం ఏలారు, రాజమహేంద్రవరం ఆ తరువాతి మాట. పెదవేగి నుంచి మన దెందులూరు వరకూ ఆ పాత నగరం విస్తరించి ఉండేదని చరిత్రకారులు రాశారు. అంటే నేను వేంగీ నగరంలో కుర్చీ వేసుకు కూర్చుని "లేవు" అని రాశానన్నమాట.

ఇక కొల్లేరు. 2022లో జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు కూడా మనలో కలిసింది కాబట్టి ఆటపాక కూడా మనదే అయింది. ఆటపాక వెళ్లి పడవెక్కాను. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, గూళ్ల మీద పిల్లలు. చూడటానికి రెండు కళ్లూ చాలవు. పడవ నడిపినతను ఏ పక్షి ఏ నెలలో వస్తుందో, ఏ చేప తింటుందో వరసగా చెబుతున్నాడు. "కొల్లేటికి 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, తెలుసా బాబూ?" అన్నాను నా పాండిత్యం కొద్దీ. "వచ్చిందండి. పక్షులకొచ్చిందండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రామ్‌సర్ అనేది ఇరాన్‌లో ఒక ఊరు. చిత్తడినేలల్ని కాపాడాలని 1971లో అక్కడ ఒప్పందం కుదిరింది. కాబట్టి అది గోడకి తగిలించుకునే బహుమతి కాదు, చెరువుని కాపాడతామని రాసిచ్చిన హామీ. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం చేశారు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు వచ్చి చేరే చోటు అది. నీళ్లు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. గట్లు అడ్డం పడితే వరదకి ఎవరు మునుగుతారో మనకి తెలుసు. నా మటుకు నేను గట్లు తీయడం న్యాయమే అంటాను. ఇక్కడ కొందరికి నా మాట రుచించదు, ఫరవాలేదు. కానీ తరతరాలుగా ఆ నీటిమీద బతికిన వడ్డీల కుటుంబాలకు ఆ తరువాత బతుకుతెరువు ఏమిటన్నది ఇంకా తేలలేదు. బయటి నుంచి వచ్చినవాడు రిసార్టు కట్టి, పడవలు తెచ్చి, అవార్డు కొట్టుకుపోతే ఆ పడవ మనిషికి ఏం ఒరిగింది? పోచంపల్లిలో నేసినవాడే చూపిస్తున్నాడు. ఇక్కడ కూడా వలేసినవాడే చూపించాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లలో పదోవంతు మంది ఒక పూట ఆగినా ఆ ఊళ్లవాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఆ రిటర్ను సవరించి పంపుదాం. ఏ దిబ్బని ఏమంటారు, ఏ పొలంలో నాగలికి రాయి తగిలింది, ఏ గుడి విగ్రహం ఎక్కడి నుంచి తెచ్చి పెట్టారు, ఇవి పుస్తకాల్లో ఉండవు. ముఖ్యంగా కరణీకం తెలిసినవాళ్లు మనలో ఇద్దరే మిగిలారు. నిరుడు మూడో ఆయన పోయారు. ఆయన్ని అడగాల్సినవి నేను ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను, ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉండిపోయింది.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఇక్కడే కూర్చుందాం. పాత ఫీల్డు మ్యాపులు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరు కావాలి, నా చెయ్యి వణుకుతోంది. టీ ఖర్చు, జిరాక్సు ఖర్చు నేను పెట్టుకుంటాను. డ్రాఫ్టు మాత్రం ఈసారి ఆరో రోజు సాయంత్రానికి వదిలేది లేదు.